మార్గరీటా తెరేసా: వియన్నాకు ముందు చేరినవి ఆమె బొమ్మలే

మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలోని 'లాస్ మెనీనాస్' చిత్రం మధ్యలో తెల్లగౌను తొడుక్కుని నిలబడ్డ ఐదేళ్ల పాప, స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ కూతురు మార్గరీటా తెరేసా. వెలాస్కెజ్ 1656లో ఆ చిత్రం గీశాడు. ఆమె పుట్టింది 1651 జూలై 12న.

ఆమెను మేనమామ లియోపోల్డ్‌కు ఇవ్వాలన్న ఆలోచన చిన్నతనంలోనే మొదలైంది. మేనమామ సంబంధం తెలుగువారికి కొత్త కాదు. ఇక్కడ పొలం బయటికి పోకూడదని చేసేవారు, అక్కడ హాబ్స్‌బర్గ్ వంశం రాజ్యాలు చేజారకూడదని చేసింది. సంబంధాలకు ఫొటోలు పంపినట్టే, మాడ్రిడ్ నుంచి వియన్నాకు ఆమె చిత్రాలు వెళ్లాయి. రెండు మూడేళ్ల వయసులో గులాబీ రంగు గౌను, ఐదేళ్లకు తెలుపు, ఎనిమిదేళ్లకు నీలం. ఈ మూడూ ఇప్పటికీ వియన్నా మ్యూజియంలోనే ఉన్నాయి.

నాటి యూరప్ ఆస్థానాల్లో పిల్లల చిత్రమంటే పోలిక ఒక్కటే కాదు. విల్లు పట్టిస్తే డయానా, రెక్కలు తొడిగితే క్యుపిడ్. డచ్ చిత్రకారులు చనిపోయిన బిడ్డను గద్ద మోసుకెళ్లే గానిమీడ్‌గా చూపేవారు. స్పెయిన్ ఆస్థానం ఇలాంటి వేషాలకు చాలావరకు దూరంగా ఉండి, సంకేతాలతో సరిపెట్టుకునేది. మార్గరీటా సవతి అన్న బాల్తసార్ కార్లోస్‌ను వెలాస్కెజ్ ఐదేళ్లప్పుడు ఎగిరే గుర్రంపై, చేతిలో సేనాని దండంతో గీశాడు. గుర్రాన్ని అదుపు చేసినవాడు రాజ్యాన్నీ ఏలతాడని దాని భావం. ఆ పిల్లవాడు 1646లో, పదిహేడేళ్లయినా నిండకుండా చనిపోయాడు.

1665లో ఫిలిప్ మరణించాడు. మరుసటి ఏడాది వెలాస్కెజ్ అల్లుడు మాసో గీసిన చిత్రంలో ఆమె నల్లటి సంతాప దుస్తుల్లో కనిపిస్తుంది. అదే ఏడాది డిసెంబర్‌లో, పదిహేనేళ్ల వయసులో వియన్నాలో పెళ్లి జరిగింది. 1667లో యాన్ తోమాస్ ఆమెకు ఈకల కిరీటంతో నాటక వేషం వేసి చిత్రించాడు. మరుసటి ఏడాది ఆమె పుట్టినరోజు పేరిట 'ఇల్ పోమో దోరో' ఒపేరాను అట్టహాసంగా ప్రదర్శించారు.

ఆ వైభవం వెనక వరస కాన్పులున్నాయి. నలుగురు పిల్లల్లో మరియా అంతోనియా ఒక్కతే బతికింది. 1670లో లియోపోల్డ్ వియన్నా నుంచి యూదులను వెళ్లగొట్టాడు. అందుకు పురికొల్పినవారిలో బిడ్డలను పోగొట్టుకున్న ఈ రాణి కూడా ఉంది. చిత్రాల్లోని పసితనాన్ని చూసి ఈ సంగతి మరవకూడదు.

కొల్లూరు గనుల్లో దొరికిందని భావించే విట్టెల్స్‌బాక్ నీలి వజ్రం ఆమె కట్నంగా వెళ్లిందని చాలాకాలం చెప్పుకున్నారు. దానికి పత్రాల ఆధారం లేదని తర్వాతి పరిశోధకులు తేల్చారు.

1673 మార్చి 12న, మళ్లీ గర్భంతో ఉండగా ఆమె కన్నుమూసింది. అప్పటికి వయసు ఇరవై ఒకటి. ఏడాది తిరగకుండానే లియోపోల్డ్ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు.