శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ – సంక్షేమ మండలి కథ

గ్రాంటు అను మాట వినగానే ప్రభుత్వోద్యోగికి మొదట స్ఫురించునవి మంజూరు ఉత్తరువు, ఖర్చుల పట్టిక, ఆడిట్ అభ్యంతరము. ఆ గ్రాంటు కొరకు చేయి చాచినవారి కష్టము ఎరిగియుండి, పిదప దానిని మంజూరు చేయు స్థానమున కూర్చుండిన వ్యక్తులు అరుదు. అట్టి అరుదైన వ్యక్తులలో తెలుగువారు గర్వింపదగిన మహిళ శ్రీమతి దుర్గాబాయి.

ఆమె 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున శ్రీ రామారావు, శ్రీమతి కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించినారు. నాటి ఆచారము ననుసరించి ఎనిమిదవ ఏటనే వివాహమైనది. ఊహ తెలిసిన పిదప ఆ బంధమును ఆమె అంగీకరింపలేదు. కుటుంబము ఆమె పక్షముననే నిలిచినది. ఆ దినములలో ఇది సామాన్య సాహసము కాదు. స్వయముగా హిందీ నేర్చుకొని, పదమూడు పద్నాలుగేండ్ల ప్రాయముననే రాజమహేంద్రవరమున స్త్రీలకు హిందీ పాఠశాల నడిపినారు.

1921లో గాంధీ మహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు, దేవదాసీలకును, ఘోషాలోనుండు ముస్లిం స్త్రీలకును ఆయన దర్శనము లభింపవలెనని ఈ పన్నెండేండ్ల బాలిక పట్టుబట్టినది. స్వరాజ్య నిధికి ఐదువేల రూపాయలు తెచ్చినచో కొద్ది నిమిషములు సమయమిప్పింతుమని నిర్వాహకులు అన్నారు. ఆ సొమ్మును స్వయముగా దేవదాసీలే సమకూర్చినారు. మహాత్ముడు అనుకొన్నదానికంటె ఎక్కువసేపే అచ్చట నిలిచినాడు; స్త్రీలు చేతి గాజులు సైతము ఒలిచి ఇచ్చినారు. హిందీ ప్రసంగమును తెనిగించినది దుర్గాబాయియే. లేమిలో ఉన్నవారు ఇవ్వలేరను మాట ఎంత పొల్లో ఆమెకు ఆనాడే తెలిసియుండును. ఆమె తరువాతి పనులన్నింటికి బీజము ఇచ్చటనే ఉన్నదనుట అతిశయోక్తి కాదు.

1923 కాకినాడ కాంగ్రెసునాటి ఖద్దరు ప్రదర్శనశాల వద్ద టిక్కెట్టు లేని జవాహర్‌లాల్ నెహ్రూను ఆమె ద్వారమువద్దనే నిలిపివేసిన సంగతి అందరెరిగినదే. ఉప్పు సత్యాగ్రహము మొదలు 1933 వరకు మూడుమార్లు చెరసాలకు పోయినారు. అచ్చట తోటి ఖైదీలైన నిరుపేద స్త్రీలను చూచినారు. తమపై మోపిన నేరమేమో చెప్పుకొనుటకైనను రాని నిరక్షరాస్యులు పలువురు. న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము ఆమెకు చెరసాలలోనే కలిగినది. విడుదలయైన పిదప బనారసు మెట్రిక్యులేషను పరీక్షతో చదువు మొదలిడి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున బి.ఏ. ఆనర్సు, మద్రాసున న్యాయశాస్త్ర పట్టము పొందినారు.

ఈ మధ్యనే, 1937లో, మద్రాసున ఆంధ్ర మహిళాసభకు అంకురార్పణ జరిగినది. చదువు మానిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపరచుట, చేతిపనులు నేర్పుట దాని తొలి కార్యక్రమములు. కాలక్రమమున వసతిగృహము, వైద్యశాల, శిక్షణ విద్యాలయములు వెలసినవి. విరాళముల కొరకు గడపగడపకు తిరిగిన ఆ సంవత్సరములే ఆమెకు అసలైన విద్యయని చెప్పవలెను. అద్దె ఇంటి బాడుగ, ఉపాధ్యాయిని జీతము, కుట్టుమిషను కొనుగోలు వంటి చిన్న పద్దులు సమయమునకు అందనిచో సంస్థ ఎట్లు కుంటుపడునో ఆమెకు స్వానుభవము.

రాజ్యాంగసభలో మద్రాసు రాష్ట్రము తరఫున సభ్యురాలై, అధ్యక్షవర్గమున చోటు పొందిన ఏకైక మహిళయైనారు. 1952 ఎన్నికలలో లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయినారు. ఆ యేడే ప్రణాళికా సంఘమున సభ్యత్వము లభించినది. 1953 జనవరిలో నాటి ఆర్థికమంత్రి శ్రీ చింతామణి దేశ్‌ముఖ్‌తో వివాహము జరిగినది. నెహ్రూ పండితుడు సాక్షి సంతకము చేసినాడు.

ప్రణాళికా సంఘమున సాంఘిక సేవా విభాగము ఆమెది. దేశమంతట ఎందరో సేవకులు పేదవాడలలో శిశువిహారములు, ప్రసూతి కేంద్రములు, అనాథ శరణాలయములు నడుపుచున్నారు. వారికి స్థిరమైన ఆధారము లేదు. ప్రభుత్వ శాఖలద్వారా వారికి సొమ్ము పంపినచో అది ఫైళ్ళలో చిక్కుకొనును. సేవకులు గుమాస్తాల వెంట తిరుగవలసివచ్చును. అందుచేత అనధికారులకు ప్రాధాన్యముగల ప్రత్యేక మండలి కావలెనని ఆమె వాదించినారు. ఫలితముగా 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినది. ఆమెయే తొలి అధ్యక్షురాలు. మొదటి పంచవర్ష ప్రణాళిక తొలి అంచనా 2,069 కోట్ల రూపాయలు కాగా, అందులో స్వచ్ఛంద సంస్థల సహాయమునకు కేటాయించినది 4 కోట్లు. ఆనకట్టల సరసన ఇది ఆవగింజ. ఐనను దేశమున ఇట్టి సొమ్ము ఇంత క్రమముగా చిన్న సంస్థలకు చేరుట అదియే మొదలు.

పద్ధతి ఇట్లుండెడిది. సంస్థ దరఖాస్తు పంపవలెను, తనిఖీ జరుగును, 1954లో ఏర్పడిన రాష్ట్ర సలహా మండళ్ళు సిఫారసు చేయును, సంస్థ తన వంతు సొమ్ము తాను సమకూర్చుకొనవలెను, మంజూరైన మొత్తము వాయిదాలుగా అందును, ఖర్చుల లెక్క పంపినగాని తరువాతి వాయిదా రాదు. ఏటేటి గ్రాంటుతో సంస్థలు రేపటి నమ్మకము లేక తికమకపడుట గమనించి, రెండవ ప్రణాళికలో మంచి సంస్థలకు ప్రణాళికా కాలమంతటికి గ్రాంటు నిచ్చు ఏర్పాటు చేసినారు. లెక్కపత్రముల కట్టుదిట్టమును సడలింపక, సంస్థకు ఊపిరాడనిచ్చిన మార్పు ఇది.

ఐతే చిక్కు మరియొక చోట ఉన్నది. దరఖాస్తు వ్రాయగల సంస్థలు పట్టణములందే ఎక్కువ. గ్రాంటు కూడ సహజముగా అటే ప్రవహించినది. ఏ సంస్థయు లేని పేద గ్రామమునకు ఎవరు దరఖాస్తు పెట్టుదురు? దీనికి సమాధానముగా 1954లో సంక్షేమ విస్తరణ పథకములు ప్రారంభమైనవి. ఒక్కొక్క పథకము సుమారు 25 గ్రామములు, 20,000 జనాభాకు పరిమితము. స్థానిక మహిళలు అధికముగా గల సంఘము దానిని నడుపును. బాలవాడి, ప్రసూతి సహాయము, వయోజన స్త్రీల చదువు, చేతిపనులు దాని పనులు. గ్రామసేవికలకు శిక్షణ నిచ్చుటలో కస్తూర్బా ట్రస్టు తోడ్పడినది. 1957 నుండి వీటిని సమష్టి అభివృద్ధి బ్లాకులతో జతపరచినారు.

అవి సోవియట్ దేశముతో భిలాయి ఒప్పందము కుదిరి, దుర్గు జిల్లా పొలములలో ఉక్కు కార్ఖానా లేచుచున్న సంవత్సరములు. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇచ్చటి తొలి ఊదు కొలిమిని ప్రారంభించినారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి పొట్టచేతబట్టుకొని వచ్చిన తెలుగు కూలీల కష్టార్జితము కూడ ఆ నిర్మాణములో కలిసియున్నది. కొలిమికి కోట్లు పెట్టిన ప్రణాళికయే బాలవాడి పలకలకును, మంత్రసాని సంచికిని పద్దు వ్రాసినదన్న సంగతి చరిత్రలలో అంతగా కానరాదు. దుర్గాబాయి లేనిచో ఆ పద్దు పడియుండునా యన్నది సందేహమే.

పథకములన్నియు నిలిచినవని చెప్పుటకు వీలులేదు. కాలపరిమితి ముగిసి మహిళా మండలులకు అప్పగించినప్పుడు, తమ వంతు సమకూర్చుకొనలేని చోట్ల కేంద్రములు మూతబడినవి. మిక్కిలి పేదయైన పల్లెకే వంతు సొమ్ము మిక్కిలి భారము. ఈ నియమమున కొంత కాఠిన్యము కలదు. కాని వంతు లేనిచో తమదను భావము కలుగదని ఆమె విశ్వాసము. కాకినాడ దేవదాసీలను ఎరిగిన వ్యక్తికి అట్టి విశ్వాసము వింత కాదు.

1958లో ప్రారంభమైన సంక్షిప్త విద్యాక్రమము ఈ అనుభవమునుండే పుట్టినది. గ్రామసేవికలుగా, మంత్రసానులుగా, ఉపాధ్యాయినులుగా పనిచేయుటకు చదువుకొన్న స్త్రీలు పల్లెలలో దొరకలేదు. మధ్యలో చదువు ఆగిన స్త్రీలకు రెండు మూడేండ్లలో పరీక్ష చదువు పూర్తిచేయించుటకు మండలి గ్రాంటు నిచ్చినది. మద్రాసులో మహిళాసభ మొదటినాడు చేసిన పనియే ఇది; ఇప్పుడు దేశమంతటికి విస్తరించినది. ఆ యేడే స్త్రీవిద్యా జాతీయ సంఘమునకు కూడ ఆమె అధ్యక్షత వహించినారు.

మండలిని వీడిన తరువాత సాంఘికాభివృద్ధి మండలి స్థాపనలోను, హైదరాబాదున ఆంధ్ర మహిళాసభ వైద్యశాల, కళాశాలల నిర్మాణములోను కాలము గడపినారు. 1975లో పద్మవిభూషణ్ బిరుదము లభించినది. 1981 మే 9వ తేదీన ఆమె దివంగతులైనారు. శ్రీ దేశ్‌ముఖ్ మరుసటి యేడు అక్టోబరులో కన్నుమూసినారు.