లఖ్దర్ బ్రహీమీకి తొంభై నిండాయి

జనవరి 1న పుట్టినవాళ్లది ఒక అదృష్టం. ఎవరూ గుర్తుపెట్టుకోకపోయినా లోకమంతా టపాకాయలు కాలుస్తుంది. 1934లో ఆ రోజున అల్జీరియాలో పుట్టిన లఖ్దర్ బ్రహీమీకి 2024తో పాటే తొంభై నిండాయి. ఎవరెవరివో యుద్ధాలు ఆపమని ఊరూరా తిరిగిన ఈ దౌత్యవేత్తకు ఆ సందడిలో మనమూ ఒక నమస్కారం కలుపుదాం.

ఆయన ఉద్యోగ జీవితం దేశమే లేని రోజుల్లో మొదలైంది. ఫ్రెంచివాళ్ల మీద అల్జీరియా పోరాటం సాగుతుండగా, 1956లో, ఇరవై రెండేళ్ల వయసులో చదువు పక్కనబెట్టి, విమోచన సంస్థ ఎఫ్‌ఎల్‌ఎన్ ప్రతినిధిగా జకార్తా వెళ్లాడు. ఐదేళ్లు అక్కడే. వెనక సర్కారు లేదు, ఖజానా లేదు, చేతిలో ఉన్నదల్లా మాటే. తుపాకీ పట్టినవాడిని చూసి ముఖం తిప్పుకోకుండా ఎదురుగా కూర్చోగలగడం ఆయనకు అక్కడే అబ్బిందని నా ఊహ. స్వాతంత్ర్యం వచ్చాక కైరోలో, లండన్‌లో రాయబారి. ఆ తర్వాత అరబ్ లీగ్‌లో పెద్ద పదవి.

లెబనాన్‌తో పేరు మోగింది. 1975లో మొదలైన అంతర్యుద్ధం బీరూట్‌ను రెండు ముక్కలు చేసింది. 1989లో అరబ్ లీగ్ దూతగా బ్రహీమీ ఆ ముక్కల మధ్య తిరిగి తిరిగి కాల్పులు ఆపించాడు. సౌదీలోని తాయిఫ్‌లో ఒప్పందానికి కూర్చున్న ఎంపీలు 1972లో గెలిచినవాళ్లు. యుద్ధం పుణ్యమా అని మళ్లీ ఎన్నికలే జరగలేదు! పార్లమెంటులో క్రైస్తవులకు ఆరు సీట్లుంటే ముస్లింలకు ఐదన్న పాత లెక్క పోయి చెరిసగం వచ్చింది. మతాల వాటాల పద్ధతి మాత్రం పోలేదు, ఆ దేశం దాని ఫలితం ఇప్పటికీ అనుభవిస్తోంది. అయితేనేం, తుపాకులు ఆగాయి.

1994లో దక్షిణాఫ్రికా తొలి సర్వజన ఎన్నికలను ఐక్యరాజ్యసమితి తరఫున చూసినవాడూ ఈయనే. తర్వాత హైతీ. 2000లో శాంతి దళాల మీద ఆయన కమిటీ ఇచ్చిన నివేదిక ‘బ్రహీమీ రిపోర్ట్’గానే నిలిచిపోయింది. భద్రతా మండలికి చెవికింపైన మాటలు కాదు, అవసరమైన మాటలు చెప్పండని అది సమితి అధికారులకు మొహం మీదే చెప్పింది. సొంత ఆఫీసు గురించి ఇలా రాయడానికి గుండె కావాలి.

2001 నవంబరులో అసలు పరీక్ష వచ్చింది. జర్మనీలో, బాన్ దగ్గర రైన్ నది పక్కన పీటర్స్‌బర్గ్ కొండ మీది హోటల్లో, తాలిబాన్ తర్వాతి ప్రభుత్వం ఎవరిదో తేల్చుకోవడానికి నాలుగు అఫ్ఘాన్ వర్గాలు. అది రంజాన్ నెల. బేరం కడదాకా వచ్చి మంత్రి పదవుల దగ్గర ఆగిపోయింది. సింహభాగం మాకేనని తాలిబాన్‌తో పోరాడిన నార్తర్న్ అలయన్స్ తరఫు యూనుస్ ఖానూనీ భీష్మించాడు. అర్ధరాత్రి దాటాక అమెరికా, ఇరాన్, రష్యా, జర్మనీ, భారత్ దూతలను బ్రహీమీ ఒకే గదిలోకి చేర్చాడు. అందరూ కలిసి ఎంత నచ్చజెప్పినా ఖానూనీ కదల్లేదు. చివరికి ఇరాన్ ప్రతినిధి జవాద్ జరీఫ్ ఆయన్ను ఓ మూలకు తీసుకెళ్లి చెవిలో ఏదో చెప్పాడు. రెండు శాఖలు వదిలారు, మరో మూడు కొత్తగా పుట్టించారు. డిసెంబరు 5న సంతకాలయ్యాయి. అమెరికా, ఇరాన్ ఒక పని మీద ఒకవైపు నిలబడటం తర్వాత మళ్లీ ఎన్నిసార్లు చూశాం?

కానీ ఆ బల్ల దగ్గర తాలిబాన్ లేరు. వాళ్లను పిలవకపోవడం, ఆ తర్వాతైనా కలుపుకోకపోవడం తప్పేనని చెప్పినవాళ్లలో బ్రహీమీయే ముందున్నాడు. అప్పటికి వాళ్లు మళ్లీ కాబూల్ పట్టుకోలేదు. తన ఘనకార్యంలో లోపం తానే ఎత్తి చూపిన దౌత్యవేత్తలు నాకు ఎక్కువమంది తెలియరు. నా మటుకు ఆయన్ను మెచ్చుకోవాల్సింది ముందుగా ఇందుకే.

2012లో, డెబ్బై ఎనిమిదో ఏట, కోఫీ అన్నన్ వదిలేసిన సిరియా శాంతి దూత బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. 2014 జనవరిలో జెనీవాలో ఇరుపక్షాలూ ఒకే గదిలో కూర్చున్నా ఒకరితో ఒకరు మాట్లాడలేదు. ప్రతి మాటా ఆయనకు చెప్పేవారు, అవతలివాళ్లు వినేవారు. హోమ్స్ పాత నగరంలో చిక్కుకున్న వందలమంది బయటపడ్డారు, అంతకు మించి అడుగు పడలేదు. ఫిబ్రవరిలో చర్చలు చెడ్డాక ఆయన సిరియా ప్రజలకు క్షమాపణ చెప్పాడు. మే నెలాఖరుకు తప్పుకున్నాడు. యుద్ధం చేస్తున్నవాళ్లెవరూ క్షమాపణ చెప్పలేదు, గమనించారా?

సంధి పొసగలేదని ఆయన్ను తక్కువ చేసేవారికి మన పల్లె నాటకం గుర్తు చేయాలి. కృష్ణ రాయబారం ఫలించలేదు, కురుక్షేత్రం జరిగే తీరింది. అయినా ఆ ఘట్టానికే తెల్లవార్లూ మేలుకుని వన్స్‌మోర్లు కొడతాం.

మండేలా 2007లో కూర్చిన ‘ఎల్డర్స్’ పెద్దల బృందంలో బ్రహీమీ కూడా చేరాడు. నోబెల్ ఇంకా ఆయన తలుపు తట్టలేదు. ఆ కమిటీ తొందరపడితే మంచిది. నిండు నూరేళ్లు బతకమని దీవిద్దామంటే ఇక పదేళ్లయినా మిగల్లేదు, అది మరీ పిసినారి దీవెన. నూటపాతిక అందాం.