చిత్రకారులు దామెర్ల రామారావుగారు

చిత్రలేఖనము వట్టి కాలక్షేపమని తలంచు తలిదండ్రులు మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో నేటికిని గలరు. వారి కొఱకును, డ్రాయింగు గంట కొఱకై యెదురుచూచు విద్యార్థుల కొఱకును ఈ చరిత్రమును వ్రాయుచున్నాము.

రామారావుగారు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. అచటి ప్రభుత్వ కళాశాలకు ఆ కాలమున ఆస్వాల్డు కూల్డ్రే దొరగారు ప్రధానాచార్యులు. వారు స్వయముగ చిత్రకారులు, రచయిత. అడివి బాపిరాజుగారును వారి శిష్యులే. శిష్యుని యందలి వరమును గుర్తించు గురువు లరుదు. గుర్తించి, తమ చెంత నుంచుకొనక మేలైన చోటికి పంపువారు మఱింత అరుదు. దొరగారి ప్రోత్సాహముచే రామారావుగారు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో ప్రవేశించి, 1920లో చదువు ముగించిరి.

బొంబాయిలో ఐరోపా పద్ధతి. వంగదేశమున అవనీంద్రనాథ ఠాకూరుగారి మృదువైన వర్ణముల పద్ధతి. రామారావుగారు ఈ రెంటిలో దేనికిని దాసులు కాలేదు. శరీరనిర్మాణ జ్ఞానమును బొంబాయిలో సంపాదించిరి. రేఖాసౌకుమార్యమును మన ప్రాచీన శిల్పచిత్రముల నుండి గ్రహించిరి. నందిపూజ, కార్తీక పౌర్ణమి, పుష్పాలంకరణ మొదలగు చిత్రములలోని స్త్రీలు తెలుగు స్త్రీలే. 1922లో కలకత్తా ప్రదర్శనమున వారి ఋష్యశృంగ చిత్రమునకు బహుమానము లభించెను.

ఫ్రెంచి చిత్రకారుడు లెబ్రన్ (1619-1690) వెర్సాయి ప్రాసాదమున అద్దముల మందిరపు పైకప్పును చిత్రించెను. పదునాలుగవ లూయీ రాజు ధనమును, లెక్కకు మిక్కిలి పనివారును ఆయనకు తోడ్పడిరి. రామారావుగారికి అట్టి కొలువు లేదు. బొంబాయిలోనే నిలిచియున్నచో కీర్తియు ధనమును ఇంకను పెరిగియుండెడివేమో! వారు స్వస్థలమునకు మరలి, 1923లో చిత్రకళాపాఠశాలను స్థాపించిరి. తమ చిత్రములకు వలసిన దినములను శిష్యుల కిచ్చుట నష్టమని కొంద ఱనవచ్చును. మాకు అట్లు తోచదు. భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును కుంచె పట్టిరి. ఆనాటి గృహములలో ఇది సామాన్యమైన సంగతి కాదు.

1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావుగారు మశూచికముచే మరణించిరి. అప్పటికి వారికి ఇరువదియెనిమిది యేండ్లు నిండలేదు, పాఠశాలయు పసిదే. మిత్రులు వరదా వెంకటరత్నముగారు దానిని మూతపడనీయక, పెక్కుమంది శిష్యులకు విద్య నేర్పిరి.

రామారావుగారి చిత్రములు రాజమహేంద్రవరమున వారి పేరిటి చిత్రశాలలో నున్నవి. రేపల్లె పిల్లలు తెనాలిలో బండి మారవలెను. తెనాలి, బాపట్ల వారికి ఆ శ్రమయు లేదు.