దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు

తెలుగుదేశపు పల్లెలలో పది యిరువది యిండ్లు గల క్రైస్తవ సంఘములు మన విద్యార్థు లనేకులకు పరిచితములే. అట్టి గ్రామమున చిన్న ప్రార్థనాలయ ముండును గాని కాపరి యుండడు. ఒక్క గురువు పెక్కు గ్రామములను చూచుకొనవలసి యుండుటచే, ఆయన వచ్చినపుడే సంస్కారము. రానినాళ్ల ఆరాధన జరుపువారు గూడ అరుదు. ఇట్టి సంఘము తన కాళ్లపై తాను నిలుచుటెట్లు? ఈ ప్రశ్నకు జీవితమంతయు ధారవోసిన మహనీయుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి ప్రాంతమున వెల్లాలన్‌విలై యను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకముగారు గ్రామ గురువు. బాల్యముననే తండ్రి గతించెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము చదివి, బి.ఏ. పరీక్షకు కొద్ది దినముల ముందు జబ్బుపడి పట్టము పొందలేకపోయిరి. పరీక్షలో తప్పినవారు అధైర్యపడునపుడు ఈ సంగతి జ్ఞాపకము తెచ్చుకొనదగినది! పిమ్మట వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా 1895 మొదలు ఊరూర తిరిగిరి.

1902లో యాళ్పాణమునకు పోగా, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో సువార్తికులను పంపుచుండుట చూచి, తమ తిరునెల్వేలి సంఘము ఏమియు చేయకున్నదని సిగ్గుపడిరి. మరుసటి సంవత్సరమే ఇండియన్ మిషనెరీ సొసైటీ స్థాపింపబడెను. ఆ సంఘము పని ప్రారంభించినది నిజాము రాజ్యములోని దోర్నకల్‌లో. ఇతరులను పంపి తాను పట్టణమున నుండుట ఆయన మనస్సున కొప్పలేదు. 1909లో గురు పట్టము పొంది, ముప్పదియైదేండ్ల వయస్సున తెలుగు నేర్చుకొని దోర్నకల్ చేరిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి నందిన మొదటి భారతీయు డాయనయే.

పదవి గొప్పదే, పని మాత్రము మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను. ఎద్దుల బండిపై ఆయన యా పల్లెలు తిరిగిరి. పల్లెకొక పట్టభద్రుడైన గురువును తెచ్చుట యసాధ్యము. తెచ్చినను పోషించుట ఆ కూలివాండ్ర తరము కాదు. పరదేశపు ధనముతో పోషించినచో, ఆ ధనము నిలిచిన దినముననే మంద చెదరును. కావున ఆయన గ్రామ ఉపాధ్యాయునిపై ఆధారపడిరి. పగలు పిల్లలకు బడి, సాయంకాలము పెద్దలకు ప్రార్థన, ఆదివారమున ఆరాధన, ఇవి యన్నియు అతని పనులే. ఉపాధ్యాయులమైన మనము ఇది విని గర్వింపవచ్చును గాని, అతనికి ముట్టిన జీతమును దలచుకొన్నచో గర్వము కొంత తగ్గును! అట్లు ఏండ్ల తరబడి పల్లెలో పరీక్షింపబడినవారి నేరి, దోర్నకల్ వేదపాఠశాలలో తెలుగుననే బోధించి గురువులుగా నియమించిరి. వారి భార్యలకును అచటనే శిక్షణ. పల్లె స్త్రీల యొద్దకు పోగలది ఆమెయే గదా. ఆంగ్లము రానివారిని గురువులుగా చేయుట తగదని శంకించుటకు తావు లేకపోలేదు. కాని పాండిత్యము గల గురువుకొరకు వేచియుండి సంస్కారము లేక సంఘము నెండగట్టుట కంటె ఇది మేలని నా యభిప్రాయము.

ఇంతటితో ఆయన తృప్తి నొందలేదు. బాప్తిస్మము పొందినవాడు తన చేతిని తన తలపైనే యుంచుకొని, సువార్త ప్రకటించు భారము తనదేయని యొప్పుకొనవలెనని నేర్పిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులతో పోరాడుమని ఊరూర బోధించిరి. అప్పులోనున్న సంఘము కాపరిని పోషింపలేదని ఆయన యెరుగుదురు. కానుక యిచ్చుటను గురించి 1939లో ఒక గ్రంథమే ప్రకటించిరి. 1935 నాటికి ఆయన మండలమున గ్రామ ఉపాధ్యాయులు మొదలగు పనివారు రెండు వేలకు మించిరి. 1941 నాటికి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

మన సీమకును ఆయనతో సంబంధము గలదు. కడప, కర్నూలు జిల్లాలలోని ఎస్.పి.జి. సంఘములు ఆయన పాలనలోనికి వచ్చెను. జమ్మలమడుగు వైపున నున్న లండన్ మిషను సంఘములు వేరు. అవి 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘమున చేరియుండెను. ఒకే తాలూకాలో రెండు మూడు మిషనులుగా చీలియున్న బీద సంఘములు విడివిడిగా బలపడజాలవని గ్రహించి, 1919లో తరంగంబాడిలో జరిగిన సభ మొదలు కడవరకు ఐక్యతకై ఆయన పాటుపడిరి.

ఆ ఫలమును చూడకయే 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్‌లో పరమపదించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ప్రారంభమాయెను. లండన్ మిషను వారు అందు చేరిరి. ఆయన సొంత పాలనలోనుండిన నంద్యాల సంఘములలో అనేకము మాత్రము అప్పుడు చేరక, చాలకాలము వేరుగనే యుండెను.