బోదకాలు మాత్ర వెనుక మన గోదావరి బిడ్డ

బోదకాలు అంటే ఏమిటో కోనసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పెద్దవాళ్లెందరో ఆ కాళ్లతోనే పొలం పనులు చేశారు. ఆ జబ్బుకు ప్రపంచమంతా వాడే డి.ఇ.సి. మందును అందించిన బృందానికి నాయకుడు మన గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవారే. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమండ్రిలో చదువుకున్నారు. చదువు మొదట్లో అంతగా అబ్బలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. తల్లి వెంకమ్మ గారు నగలమ్మి చదివించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఒక ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటకు వచ్చారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఆయన అన్ననూ తమ్ముడినీ కొద్ది రోజుల తేడాలో బలి తీసుకుంది. అదే జబ్బు ఆయనకూ వచ్చి తగ్గింది.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1923లో అమెరికా వెళ్లారు. రాత్రిళ్లు ఆసుపత్రిలో పనిచేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లే కంపెనీలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో మందు కోసం వెతుకులాట పెరిగింది. ఆయన బృందం ఎన్నో రసాయనాలను ఎలుకలపై పరీక్షించి, చివరికి డి.ఇ.సి.ని పట్టుకుంది. 1947లో ప్యూర్టోరికోలో రోగులకిచ్చిన ఫలితాలు వెలువడ్డాయి. ఆ మరుసటి సంవత్సరం ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రానేలేదు.

మన దేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ ఈ మాత్రలు పంచే కార్యక్రమం 2004లో మొదలైంది. టీకా లాగే దీన్నీ ఒంట్లో బాగున్నప్పుడే వేసుకోమంటారు. అందుకే చాలామంది చేతిలో పెట్టించుకుని, అటు తిరిగి పారేస్తారు. జబ్బు లేనివాడికి మందెందుకు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు అనేది వారి ప్రశ్న. ఆ ప్రశ్న అడగదగినదే. దానికి లెక్క కట్టి జవాబు చెప్పుకోవాలి.

నష్టం వైపు చూద్దాం. కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి కావచ్చు. ఎక్కువగా రక్తంలో పురుగు పిల్లలున్నవారికే, అవి చచ్చేటప్పుడు ఇలా అవుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పరగడుపున వేసుకోకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు.

లాభం వైపు చూద్దాం. పురుగు చిన్నతనంలోనే చేరి, ఏళ్ల తర్వాత కాలువాపుగానో వరిబీజంగానో బయటపడుతుంది. ముదిరిన కాలును మాత్ర మామూలు చేయలేదు. పైగా ఒకరి రక్తంలోని పురుగు పిల్లలను దోమ మరొకరికి చేరుస్తుంది. మనం ఒకే గదిలో వరుసగా పడుకునేవాళ్లం. నా మాత్ర నా పక్కవాడికి కూడా కాపలా.

రెండు రోజుల జ్వరం ఒకవైపు, జీవితాంతం మోయాల్సిన కాలు ఇంకొకవైపు. మిత్రులారా, ఈసారి మాత్ర చేతికొస్తే అనుమానం ఉన్నవారు డాక్టరును అడగండి. అడిగాక, అన్నం తిని మింగండి.