ఎనిమిది నిమిషాల తేడా

ఎలిప్స్ గ్రాఫ్ ఇస్తే మనకి ఈజీనే. ఎదురెదురు చివరల మధ్యబిందువు కేంద్రం. అక్కడి నుంచి పొడవు వైపు చివరకి ఒక వ్యాసార్ధం, పొట్టి వైపు చివరకి ఇంకొకటి. కెప్లర్‌కి మాత్రం ఎవరూ గ్రాఫ్ ఇవ్వలేదు.

యోహానెస్ కెప్లర్ 1571లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడే మశూచి వచ్చి చూపు దెబ్బతింది. 1600లో ప్రాగ్‌లో టైకో బ్రాహి దగ్గర చేరాడు. మరుసటి ఏడాదే టైకో చనిపోతే, ఆయన కొలతలు కెప్లర్ చేతికొచ్చాయి.

అంగారకుడి దారిని వృత్తం అనుకుని లెక్కేస్తే ఎనిమిది ఆర్క్ నిమిషాల తేడా వచ్చింది. డిగ్రీలో ఏడో వంతు కూడా కాదు! అయినా వదల్లేదు. టైకో కొలతలు అంత తప్పవని ఆయన నమ్మకం. ఏళ్ల పని పక్కన పెట్టి మళ్లీ మొదలెట్టాడు. చివరికి దొరికింది దీర్ఘవృత్తం. దాని రెండు వ్యాసార్ధాల మధ్య తేడా అర శాతం కూడా లేదు. సూర్యుడు మాత్రం కేంద్రంలో కాదు, పక్కన నాభిలో ఉన్నాడు. 1609లో పుస్తకం వేశాడు.

1630లో రీగెన్స్‌బర్గ్‌లో చనిపోయాడు. తర్వాత యుద్ధంలో సమాధి కూడా మిగల్లేదు.

ల్యాబ్‌లో చిన్న ఎర్రర్ వస్తే మనం రౌండాఫ్ చేసేస్తాం. ఆయనా అలాగే చేసుంటే?