ఎంత పెద్ద స్టార్ అయినా జట్టు తర్వాతే: కోచ్ హెన్నెస్ వైస్‌వైలర్

జర్మనీలో కోచ్‌లను తయారుచేసే అకాడమీకి ఈయన పేరు పెట్టారు. కొలోన్ జట్టు మస్కట్ మేకను పిలిచేదీ ఈయన పేరుతోనే. ఆయనే హెన్నెస్ వైస్‌వైలర్.

1919లో కొలోన్ దగ్గర లెషెనిష్‌లో పుట్టారు. ఆటగాడిగా కన్నా కోచ్‌గానే పేరొచ్చింది. 1964లో రెండో శ్రేణిలో ఉన్న బొరుస్సియా మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ చేతికొచ్చింది. కుర్రాళ్లను నమ్ముకుని, దాడి చేసే ఆట నేర్పించారు. మరుసటి ఏడాదే జట్టు బుండెస్‌లిగాకు ఎక్కింది. 1970, 1971, 1975లో లీగ్ గెలిచింది.

పేచీ అంతా స్టార్లతోనే. 1973 జర్మన్ కప్ ఫైనల్లో గుంటర్ నెట్జర్‌ను బెంచీ మీద కూర్చోబెట్టారు. అదనపు సమయంలో నెట్జర్ తనంతట తానే మైదానంలోకి దిగి, గెలుపు గోల్ కొట్టాడు. పంతం ఓడింది, కప్పు మాత్రం దక్కింది.

1975లో బార్సిలోనా వెళ్తే అక్కడ యోహాన్ క్రైఫ్‌తో పడలేదు. సీజన్ పూర్తికాకముందే ఇంటికి రావాల్సి వచ్చింది. అయినా పద్ధతి మార్చుకోలేదు. 1978లో కొలోన్‌కు లీగ్, కప్ రెండూ తెచ్చారు. 1980లో న్యూయార్క్ కాస్మోస్‌ను అమెరికా చాంపియన్‌గా నిలిపారు. 1983లో జ్యూరిచ్‌లోని గ్రాస్‌హాపర్స్‌తోనూ లీగ్, కప్ రెండూ గెలిచారు.

ఆ సంబరం ముగిసిన కొద్ది వారాలకే, జులై 5న గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 63. ఒక చోట పొమ్మన్నారని ఆయన కుంగిపోలేదు. తర్వాతి ఊరిలో మళ్లీ మొదలుపెట్టారు. మన పిల్లలకు చెప్పాల్సింది అదే.